అన్నదమ్ముల వాదము

బాలలారా! తోడబుట్టినవారి నడుమ తగవు లేని యిల్లు అరుదు. తగవున్నచోట ప్రేమ లేదని తలచుట పొరపాటు.

అమెరికాలోని డేటన్ నగరమున విల్బర్, ఆర్విల్ రైట్ అను అన్నదమ్ములు సైకిళ్ల అంగడి నడుపుచు, విమానమును నిర్మింప బూనిరి. విమానపు పంకాల విషయమున వారు గొంతెత్తి వాదించుకొనెడివారు. వింత యేమనగా, ఒక్కొక్కప్పుడు వాదము ముగియుసరికి అన్న తమ్ముని పక్షమును, తమ్ముడు అన్న పక్షమును పట్టియుండెడివారు! ఒకరి మాట నొకరు మనసార విననిచో ఇది యెట్లు సాధ్యమగును?

విమానము సిద్ధమయ్యెను. ముందెవ్వరు ఎక్కవలెను? 1903 డిసెంబరు 14వ తేదీన నాణెము నెగురవేసి బొమ్మా బొరుసా చూచిరి. గెలిచినవాడు అన్న. కాని విమానము లేచిన కొద్ది క్షణములకే నేలకు దిగి దెబ్బతినెను. ఇరువురును దానిని బాగుచేసిరి. 17వ తేదీన తమ్ముని వంతు వచ్చెను. అన్న రెక్కను పట్టుకొని ప్రక్కనే పరుగెత్తెను. విమానము 12 సెకండ్లలో 120 అడుగులు ఎగిరెను. ఆ గెలుపు ఇరువురిదియు నయ్యెను.

1912లో విల్బర్ మరణించెను. ఆర్విల్ 1948 వరకు జీవించెను. కాని గొంతెత్తి వాదించుటకు అతనికి మరల ఆ అన్న లేడు.

నేడు మీతో తగవులాడు తోబుట్టువు మీ యింట నున్నచో, అది మీ భాగ్యమని యెరుగుడు.