రబ్బరు మొక్క – కుండీలో పెంచే విధానం

ఈ నెల గోడపత్రికలో నేను రబ్బరు మొక్క గురించి తెలియజేస్తున్నాను.

మేడ్చల్, శామీర్‌పేట రోడ్ల పక్కన నర్సరీలు చాలా ఉన్నవి. అక్కడ నల్ల కవర్లలో పెట్టిన మొక్కలలో, పెద్ద ఆకులతో నూనె రాసినట్టు మెరిసేదే రబ్బరు మొక్క. దీని శాస్త్రీయ నామం ఫైకస్ ఎలాస్టికా. మర్రి, రావి, మేడి దీనికి చుట్టాలే. ఆకు తెంపితే తెల్లటి పాలు కారుతవి. పూర్వం ఆ పాలతో రబ్బరు చేసేవారు. ఇప్పుడు మనం వాడే సహజ రబ్బరు మాత్రం బ్రెజిల్ దేశం నుండి వచ్చిన వేరే చెట్టుది.

పుట్టిన చోటు: ఇది ఆఫీసుల మొక్క, షావుకార్ల మొక్క అని అందరు అనుకుంటరు. కాని ఇది అడవి చెట్టు. మేఘాలయ కొండలలో ఖాసీ, జైంతియా అనే గిరిజనులు దీని ఊడలను పోక చెట్టు బోదెల మీదుగా వాగు అవతలికి పాకించి వంతెనలు పెంచుతారు. ఒక వంతెన తయారు కావడానికి 15 నుండి 30 ఏళ్ళు పడుతుంది. తాత మొదలుపెడితే మనుమడు నడుస్తడు. ఇనుప వంతెన తుప్పు పడుతుంది, ఇది మాత్రం ఏండ్లు గడిచినకొద్ది గట్టిపడుతుంది. 2022లో ఈ వంతెనలు యునెస్కో వారి తాత్కాలిక జాబితాలో చేరినవి. చదువు లేని పెద్దలు చేసిన ఇంజనీరింగ్ ఇది.

ఎప్పుడూ పచ్చగా ఎందుకు ఉంటుంది? మన అడవిలో టేకు, మోదుగ ఎండకాలం ముందు ఆకు మొత్తం రాలుస్తవి. రబ్బరు మొక్క ఒక్కసారే రాల్చదు. పాతది ఒకటి పోతే కొత్తది ఎర్రటి తొడుగులో నుండి వస్తుంది. చిరపుంజిలో ఏటా 11,000 మి.మీ. పైగా వాన పడుతుంది. హైదరాబాద్ వైపు సుమారు 800 మి.మీ. మాత్రమే. అందుకే ఇక్కడ నీడ, తడి రెండూ మనమే చూడాలి.

పెంచే పద్ధతి:
1. కుండీ అడుగున బొక్క ఉండాలి. పాత బకెట్ అయినా సరే.
2. ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు సమంగా కలపాలి.
3. వానకాలంలో జానెడు కొమ్మ కోసి, పాలు ఆరినాక తడి ఇసుకలో గుచ్చాలి. నెల, నెలన్నరకు వేరు వస్తుంది.
4. వేలు పెట్టి చూసి, పైమట్టి ఆరితేనే నీళ్ళు పోయాలి. రోజూ పోస్తే వేరు కుళ్ళి, కింది ఆకులు పసుపు పచ్చగా అయి రాలుతవి.
5. పొద్దుటి ఎండ మంచిది, మిట్టమధ్యాహ్నపు ఎండ వద్దు. ఆకుల దుమ్మును తడిగుడ్డతో తుడవాలి.
6. రెండేండ్లకు ఒకసారి పెద్ద కుండీకి మార్చాలి.

జాగ్రత్తలు: పాలు చర్మానికి తగిలితే దురద పెడుతుంది. కోసినాక చేతులు కడుక్కోవాలి, కండ్లు ముట్టుకోవద్దు. భూమిలో పెడితే అడవిలో లాగ మహావృక్షం అవుతుంది. వేర్లు గోడలు పగలదీస్తవి, నీళ్ళ పైపులలో దూరుతవి. కావున బాత్‌రూముల పక్కన, నీళ్ళ ట్యాంకు పక్కన అసలు నాటొద్దు. కనీసం 30 అడుగుల దూరం ఉండాలి.

మన హాస్టల్ సంగతి: జూన్, జూలైలో మొక్కలు నాటుతాము. ఎండకాలం సెలవులకు ఇంటికి పోయి వచ్చేసరికి అవి ఎండిపోతవి. నీళ్ళు పోసేవాళ్ళు ఉండరు. భూమిలో పెట్టిన మొక్క జరగలేదు, కుండీ జరుగుతుంది. సెలవుల ముందు కుండీలన్నీ ఉత్తరం దిక్కు వరండా నీడకు ఒక్క దగ్గర చేర్చి, మట్టి మీద ఎండుటాకులు పరిస్తే తడి తొందరగా ఆరదు. సెలవులలో డ్యూటీ ఉన్నవారు మూడు నాలుగు రోజులకు ఒకసారి నీళ్ళు పోసినా బతుకుతవి.

కావున తరగతికి ఒక కుండీ పెడదాము. ఒక నర్సరీ మొక్క కొంటే చాలు, మిగతావి కొమ్మలతో మనమే చేసుకోవచ్చు. పదో తరగతి అక్కలు పోయేటప్పుడు తమ కుండీని ఆరో తరగతి చెల్లెళ్ళకు అప్పజెప్పాలి. వార్డెన్ మేడమ్ గారు దయచేసి పాత బకెట్లు ఇప్పించగలరని మనవి.

– 9వ తరగతి విద్యార్థిని