హెల్సింకీ నుంచి జకార్తా దాకా: ఓటమిని చదివే విద్య

పోటీ పరీక్షల్లోనూ ఉద్యోగ ఎంపికల్లోనూ వైఫల్యం అనే మాటను రెండు వేర్వేరు విషయాలకు వాడుతుంటారు. జాబితాలో పేరు లేకపోవడం ఒకటి, పేరు లేకుండా పోవడానికి కారణమైన లోపాలు మరొకటి. మొదటిది ఒక్క రోజులో తెలిసిపోతుంది, ఇంటిల్లిపాదికీ ఇరుగుపొరుగుకూ తెలుస్తుంది, మనసును కుంగదీస్తుంది. రెండోది తనంతట తాను బయటపడదు, అభ్యర్థి కూర్చుని వెతికితేనే దొరుకుతుంది. చాలామంది మొదటిదాన్ని తట్టుకోవడాన్నే పట్టుదల అనుకుంటారు గనుక, అవే పుస్తకాలను అదే వరుసలో మళ్లీ చదివి, మరుసటి ఏడు కూడా దాదాపు అవే మార్కుల దగ్గర ఆగిపోతారు. రెండోదాన్ని వెతికి సరిదిద్దుకునే పనికే పట్టుదల అనే పేరు తగుతుందని చూపడానికి హైదరాబాద్ చరిత్రలోనే గట్టి ఉదాహరణ ఉంది, అది ఒక బడిపంతులు జీవితం.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదివి, సాలార్‌జంగ్ కాలంలో మొదలైన పాతబస్తీ దారుల్ ఉలూమ్‌తోపాటు కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలల్లోనూ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా పొందారు. పాతబస్తీ అప్పటికే ఫుట్‌బాల్‌కు పుట్టిల్లు. నిజాం కొలువులోని అరబ్బు సైనికుల బ్యారక్స్ వల్ల బార్కస్ అని పేరుపడిన పేటలో ఈ ఆట తరతరాలుగా ఇంటి ముచ్చటగా సాగుతూ వచ్చింది. 1950లో సిటీ పోలీస్ జట్టు శిక్షణ బాధ్యత రహీం చేతికి వచ్చాక ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు గెలిచింది. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో ఆయన శిక్షణలోని భారత జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం తెచ్చింది.

ఆ మరుసటి ఏడే, 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో, అదే శిక్షకుడి జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయింది. ఫుట్‌బాల్‌లో మూడు గోల్స్ తేడానే ఘోర పరాజయంగా లెక్కిస్తారు కాబట్టి, తొమ్మిది గోల్స్ తేడాతో ఓటమి ఎంతటి అవమానమో చెప్పనక్కరలేదు. ఈ ఓటమికి దురదృష్టమనో, చలి అనో, ప్రత్యర్థి బలమనో పేరుపెట్టి ఊరుకుంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. కానీ కారణాలు విడివిడిగా కనిపిస్తూనే ఉన్నాయి: భారత ఆటగాళ్లలో ఎక్కువమంది బూట్లు లేకుండా వట్టి కాళ్లతో ఆడారు, స్వదేశంలో 90 నిమిషాల కంటే తక్కువసేపు సాగే ఆటలకు అలవాటుపడిన శరీరాలు చివరిదాకా నిలవలేకపోయాయి, బంతి దొరికినవాడు దాన్ని ఒంటరిగా తోసుకుంటూ ప్రత్యర్థులను తప్పించబోయే డ్రిబ్లింగ్ అలవాటు జట్టు ఆటను దెబ్బతీసింది. వీటిలో మొదటి లోపం ఆ తర్వాత నిబంధనతోనే తీరింది, బూట్లు తప్పనిసరి అయ్యాయి. మిగతావి నిబంధనలతో తీరేవి కావు, మైదానంలో రోజూ చేసే సాధనతో తీరవలసినవి.

రహీం సాధన పద్ధతిలో విద్యార్థులు గమనించదగిన అంశం ఒకటుంది. సాధారణంగా ఆటగాడికి ఒక కాలు వాటంగా ఉంటుంది, రెండో కాలు బంతిని సరిగా కొట్టదు. ఆ బలహీనమైన కాలికే పని పెట్టేలా, డ్రిబ్లింగ్ చేయకుండా పాసులతోనే ఆడేలా ఆయన కుర్రాళ్లకు అభ్యాసాలు చేయించేవారు. మనిషి సహజంగా తనకు వచ్చినదాన్నే మళ్లీ మళ్లీ చేస్తాడు, ఎందుకంటే అది వెంటనే తృప్తినిస్తుంది. చరిత్రలో మంచి మార్కులు వచ్చే అభ్యర్థి రోజూ చరిత్రతోనే చదువు మొదలుపెట్టి, లెక్కలను, రీజనింగ్‌ను రాత్రి పదింటికి అలసిన బుర్రతో ముందేసుకోవడం ఇలాంటిదే. బలహీనమైన కాలితో ఆడటం మొదట్లో ఎబ్బెట్టుగా ఉంటుంది, చూసేవాళ్లు నవ్వుతారు కూడా. అయినా మార్కులు పెరిగే చోటు అక్కడే ఉంది.

నాలుగేళ్ల తర్వాత 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టిన ఆ ఆటతో సెమీఫైనల్‌కు చేరిన జట్టుకు ఎదురుపడింది యుగోస్లావియాయే. ఈసారి తొలి గోల్ భారత్‌దే, చివరకు ఓటమి 4-1. సెమీఫైనల్ ఆడిన తొలి ఆసియా జట్టుగా నిలిచినా పతకం రాలేదు, మూడో స్థానం కోసం ఆడిన ఆటలో బల్గేరియా 3-0తో గెలిచింది. జాబితాలో పేరు వెతికే కళ్లకు 1952, 1956 రెండూ ఓటములే. లోపాలను కొలిచే కళ్లకు ఈ రెండింటి మధ్య చాలా దూరం ఉంది. ప్రిలిమ్స్, అంటే అసలు పరీక్షకు ముందు జరిగే వడపోత, దాటలేకపోయిన అభ్యర్థి మరుసటిసారి దాన్ని దాటి మెయిన్స్‌లో ఆగిపోతే, ఇంట్లోవాళ్లు రెండింటినీ ఒకే గాటన కట్టవచ్చు గాని అభ్యర్థి మాత్రం అలా కట్టుకోకూడదు.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఈ కథ పది రోజుల్లోనే మళ్లీ జరిగింది. తొలి ఆటలోనే భారత్ దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడింది. ఆ తర్వాత థాయ్‌లాండ్‌ను, జపాన్‌ను, సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంను దాటుకుని వచ్చేసరికి ఫైనల్‌లో ఎదురుగా నిలిచింది మళ్లీ కొరియాయే. రక్షణ వరసలో ఆడే జర్నైల్ సింగ్‌కు థాయ్‌లాండ్‌తో ఆటలో తల పగిలి కుట్లు పడ్డాయి. అలాంటి ఆటగాణ్ని రహీం పక్కన కూర్చోబెట్టలేదు, స్థానం మార్చి గోల్స్ కొట్టే ముందు వరసకు పంపారు. సెప్టెంబర్ 4న, సుమారు లక్షమంది జనం భారత్‌కు వ్యతిరేకంగా అరుస్తుండగా, పి.కె. బెనర్జీ తొలి గోల్ కొట్టారు, రెండోది తలకు కట్టుతో ఆడిన జర్నైల్ సింగ్ కొట్టారు. ఆట 2-1తో ముగిసి స్వర్ణం దక్కింది. అప్పటికే రహీంను ఊపిరితిత్తుల క్యాన్సర్ తినేస్తోంది. తమను ఓడించిన జట్టునే పది రోజుల్లో ఓడించగలగడానికి ఆటగాళ్ల గుండెధైర్యం ఎంత కారణమో, ఉన్నవాళ్లనే కొత్త చోట్ల నిలిపిన ఆ మార్పు కూడా అంతే కారణం.

అయితే పట్టుదల అంటే ఒకే తలుపును జీవితాంతం తడుతూ ఉండటమని అనుకోకూడదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కక, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆ పట్టా కోసమే పోరాడుతూ కూర్చోకుండా ఆయన బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేస్తూ జీవరసాయన శాస్త్రంలోకి మళ్లారు. హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం రానప్పుడు లెడర్లీ పరిశోధనశాలకు మారారు. క్యాన్సర్ చికిత్సలో నేటికీ వాడే మెథోట్రెక్సేట్ రూపొందడానికి దారితీసిన కృషి ఆయన బృందానిదే. తలుపు మారింది గాని, వైద్యానికి పనికొచ్చే పరిశోధన చేయాలన్న లక్ష్యం మారలేదు.

సివిల్ సర్వీసెస్ పరీక్షకు జనరల్ అభ్యర్థులకు 6, ఓబీసీలకు 9 ప్రయత్నాలని, పైగా వయోపరిమితి కూడా ఉందని నిబంధన ఉన్నప్పుడు, ఎన్ని ప్రయత్నాల తర్వాత దారి మార్చాలో మొదటి ప్రయత్నానికి ముందే, తల్లిదండ్రులతో కూర్చుని నిర్ణయించుకోవడం మంచిది. ఆశలు రేగిన తర్వాత తీసుకునే నిర్ణయం కంటే ముందుగా తీసుకున్నదే నిలుస్తుంది. ఇంటి ఖర్చుకు చేదోడుగా ట్యూషనో, చిన్న ఉద్యోగమో చేసుకుంటూ చదవడం సిగ్గుపడవలసిన విషయం కాదు. రహీం కూడా జీతానికి బడిలో పాఠాలు చెబుతూనే ఫుట్‌బాల్‌లో ఎదిగారు.

1891లో ఆసఫియా పేరుతో మొదలైన అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున్నే చోటు పట్టుకుని చదివే వందలాదిమంది అభ్యర్థులు ఫలితం వచ్చిన వారంలోనే చేయదగిన పని ఒకటుంది. పాత ప్రశ్నపత్రాన్ని, కీని పక్కపక్కన పెట్టుకుని, తప్పిన ప్రతి ప్రశ్న ఎదురుగా అది చదవనిదా, చదివి మరిచినదా, తెలిసీ తొందరలో తప్పినదా, ఊహించి పెట్టినదా అని రాసుకోవాలి. అందులో ఏ రకం తప్పు ఎక్కువగా తేలుతుందో దానికే రేపటి పొద్దుటి తొలి రెండు గంటలు కేటాయించాలి.