పూర్వ విద్యార్థులు అనగా ఎవరు?

 

దీపావళి సెలవుల తరువాత మన బడిలో పూర్వ విద్యార్థుల, తల్లిదండ్రుల సమ్మేళనం జరుగును. ఆటల పోటీలు, పాటలు, మధ్యాహ్నం భోజనం ఉంటయి. ఆహ్వాన పత్రాలు రాసే పని మన తొమ్మిదవ తరగతికి ఇచ్చినరు. దాని మీదనే ఒక పాఠం లాగ గోడ పత్రికకు రాయమని తెలుగు సార్ నాతోని చెప్పిండు. కార్డులు రాసేటప్పుడు నాకు ఒక సందేహం వచ్చింది. అక్కడి నుండే మొదలుపెడుతున్నాను.

ముందుగా పదానికి అర్థం చూద్దాం. పూర్వ అనగా ఇంతకు ముందటి. విద్యా + అర్థి = విద్యార్థి, సవర్ణదీర్ఘ సంధి. అర్థి అనగా కోరి వచ్చినవాడు. కాబట్టి పూర్వ విద్యార్థి అనగా ఇంతకు ముందు చదువు కోరి ఈ బడికి వచ్చినవారు. ఈ మాటలో 'పాసైన' అని ఎక్కడా లేదు. 'నౌకరి వచ్చిన' అని కూడా లేదు.

కాని మనకు ఇచ్చిన జాబితాలో ఎవరున్నరు? టీచర్లు అయిన అక్కలు, నర్సమ్మ, ఫారెస్టు బీట్ ఆఫీసర్, బస్సు కండక్టర్. అందరూ పదవ తరగతి పాసైనవాళ్లే. వాళ్లు రావడం మనకు చాలా సంతోషం. కండక్టర్ అక్క పోయిన సంవత్సరం యూనిఫాంతోనే వచ్చి, టికెట్లు ఎట్ల కొట్టాలో చూపించింది గదా, ఎంత నవ్వినం! వాళ్లను చూస్తే ధైర్యం వస్తది. కాని జాబితాలో మా అక్క పేరు లేదు. మా అక్క ఇదే బడిలో మూడు నుండి ఎనిమిది వరకు చదివింది. బోరింగు పక్కన ఉన్న వేపచెట్టు అక్క వాళ్ల తరగతి నాటిందే. ఎనిమిదిలో దసరా సెలవులకు ఇంటికి పోయింది. అప్పుడే బాపుకు జ్వరం వచ్చింది, చేన్ల పత్తి పగిలి తెల్లగా ఉన్నది, ఏరటానికి మనిషి లేదు. పత్తి అయినంక పంపుతమన్నరు. పత్తి అయ్యేసరికి సంక్రాంతి వచ్చింది. అక్క మళ్లీ రాలేదు. అక్క ఏరిన పత్తి పైసలతోనే ఆ ఏడు నాకు దుప్పటి, పెట్టె కొని ఇక్కడ చేర్పించినరు. ఆ పెట్టె ఇప్పటికీ నా మంచం కింద ఉన్నది.

ఇప్పుడు చుట్టాలను పిలుచుకునే పద్ధతి గురించి. ఆశ్వయుజ, కార్తీక మాసములను శరదృతువు అందురు. వానలు తగ్గి, వాగులు దిగి, దారులు ఆరుతయి. మన ఊర్లలో రాకపోకలు ఎక్కువయ్యేది ఈ కాలంలోనే. దీపావళి ముందు నుండి గోండుల ఊర్లలో దండారి మొదలైతది. ఏత్మాసూర్ దేవునికి పూజ చేసి, నెమలి ఈకల టోపీలు పెట్టుకొని, ఒంటికి బూడిద రాసుకొని గుస్సాడీలు ఆడతరు. డప్పు, తుడుం, పేప్రే, గుమేల మోగుతయి. ఒక ఊరి దండారి ఇంకొక ఊరికి పోతది, తరువాత ఆ ఊరి వాళ్లు ఈ ఊరికి వస్తరు. కోలబొడితో పండుగ ముగుస్తది. ఈ గుస్సాడీ నాట్యానికే మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024లో చనిపోయిండు. మార్లవాయి మన కుమురం భీం జిల్లాలో జైనూరు మండలంలనే ఉన్నది.

కోలాం, నాయక్‌పోడ్, లంబాడీ చెల్లెండ్లు చూడలేదు కావచ్చు కాబట్టి మా ఊరిలో ఎట్ల చేస్తరో చెప్తాను. వాగు అవతల తుడుం చప్పుడు వినపడంగనే మా వాళ్లు కూడా వాయిద్యాలు పట్టుకొని పొలిమేర దాకా ఎదురు పోతరు. చుట్టాలు వచ్చి ఊర్లో నిలబడి చూసుడు ఉండదు. ఆడవాళ్లు కాళ్లకు నీళ్లిస్తరు. పటేల్ ఇంటి ముందర అందరినీ కూర్చోబెడతరు. బాగా ఆడేటోడు, ఆట రానోడు, వెంట వచ్చిన చిన్న పిల్లగాండ్లు, గుడ్డలు మోసే ముసలాయన, అందరికీ ఒక్కటే వరుసలో అన్నం. మా కాకో, అనగా అమ్మమ్మ, లెక్క పెట్టదు. ఇంకో ఇద్దరు వస్తరనుకొనే వండుతది.

పోయిన సంవత్సరం మన సమ్మేళనంలో నౌకరి ఉన్నవాళ్లకు దండలు వేసి, కుర్చీలు వేసినం. తల్లిదండ్రులకు టెంటు చివర పట్టా పరిచినం. అది కుర్చీలు తక్కువై చేసిన పనే, ఎవరినీ అనడం లేదు. మైకులో రెండు గంటలు మాట్లాడింది అంతా తెలుగే. మా అమ్మకు అంగడిలో బేరం చేసేంత తెలుగు వస్తది, అంతే. అందరూ చప్పట్లు కొట్టినప్పుడు అమ్మ కూడా కొట్టింది. తువ్వాలలో సీతాఫలాలు కట్టుకొని వచ్చింది. అవి ఒళ్లోనే పెట్టుకొని కూర్చున్నది.

ఇది రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించినాను. నా పక్కన ఉన్న అమ్మాయి "ఆమె ఎవరు?" అని అడిగితే నేను "మా ఊరామె" అన్నాను. అమ్మ కాళ్లకు చెప్పులు లేవు, చీర మోకాళ్ల వరకు ఉన్నది, అందుకే అన్నాను. అమ్మ వెనకనే ఉన్నది. 'మా ఊరు' అనేంత తెలుగు అమ్మకు అర్థమైతది. సీతాఫలాలు నా చేతిలో పెట్టి జీపు పోతదని వెళ్లిపోయింది. ఆ పండ్లు డార్మిటరీలో అందరూ తిన్నరు, నేను తినలేదు.

బడిలో మన భాష మాట్లాడితే తప్పు అని చాలా మంది అనుకుంటరు. అది నిజం కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం చనిపోయినంక, గోండులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకోమని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ దొరను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి, 1943లో అక్కడ గోండు యువకులను పంతుళ్లుగా తయారు చేసే శిక్షణ కేంద్రం మొదలుపెట్టించిండు. పిల్లలకు మొదటి పాఠాలు గోండీలోనే చెప్పినరు. అప్పుడు బళ్లో పాఠమే గోండీలో చెప్పంగ, ఇప్పుడు మైకులో నాలుగు మాటలు చెప్పలేమా? గోండీలో నేను చెప్తాను. కోలామీకి, లంబాడీకి ఒక్కొక్కరు ముందుకు రండి.

తేదీ సంగతి కూడా పెద్దలు ఆలోచించాలని కోరుతున్నాను. ఆశ్వయుజ పౌర్ణమికి కుమురం భీం వర్ధంతి అని చాలా మంది జోడేఘాట్ పోతరు. అమావాస్యకు దీపావళి, దండారి. ఆ తరువాత పత్తి ఏరుడు. ఏరేవాళ్లకు కిలోల లెక్కన కూలి, ఒక రోజు మానుకుంటే ఆ రోజు పైసలు పోయినట్టే. అంగడి రోజు పెడితే మంచిదని నా అభిప్రాయం. ఆ రోజు ఎట్లాగూ ఉప్పు, నూనెకు వస్తరు, జీపులు కూడా నడుస్తయి. కాని చివరి జీపు ఐదింటికే పోతది. పోయినసారి బహుమతులు ఇచ్చేసరికి సగం మంది తల్లులు లేరు. ఉపన్యాసాలు తగ్గించి బహుమతులు ముందు ఇస్తే వాళ్లు చూసి పోతరు.

ఇంకొకటి, కార్డు ఎంత అందంగా రాసినా చదివేవాళ్లు ఇంట్లో లేకపోతే అది గూట్లో ఉంటది. సెలవులకు పోయినప్పుడు మనమే నోటితో చెప్పాలె, ఊరి పటేల్‌కు కూడా చెప్పాలె.

బడి మానేసినవాళ్లను పిలవవచ్చునా అని వార్డెన్ మేడం గారిని భయంతోనే అడిగినాను. మేడం కొంచెంసేపు ఊరుకొని, పాత హాజరు పట్టీలు తీసి ఇచ్చినరు. "పిలవండి, కాని ఎంత మందో వంటామెకు రెండు రోజులు ముందు చెప్పాలి" అన్నరు. మా అక్క పేరు దొరికింది. పేరు మీద ఎర్ర గీత ఉన్నది. అట్లాంటి గీతలు ఆ ఒక్క పట్టీలోనే పదకొండు ఉన్నయి.

మొన్న అంగడికి అమ్మ వచ్చింది. సమ్మేళనం సంగతి చెప్పినాను. అమ్మ నవ్వి గోండీలో "మీ ఊరామెను కూడా పిలుస్తవా?" అన్నది. నాకు ఏడుపు వచ్చింది. గేటు దగ్గరి నుండి చెయ్యి పట్టుకొని తీసుకొచ్చి, మా తరగతి అమ్మాయిలు అందరికీ "మా అమ్మ" అని చెప్పినాను. అమ్మకు సిగ్గయి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

అక్కకు కార్డు రాసినాను. అక్కకు చదవడం వస్తది కాబట్టి పెద్ద ఉత్తరమే రాసినాను, వేపచెట్టు ఎంత ఎత్తు పెరిగిందో కూడా. ఇంకా కొన్ని కార్డులు మిగిలి ఉన్నయి. మీ ఊర్లలో మన బడి మధ్యలో మానేసిన అక్కలు, మీతో చదివిన అమ్మాయిలు ఉంటే వాళ్ల పేర్లు శనివారం లోపల నాకు చెప్పండి. నేను బి సెక్షన్‌లో కిటికీ పక్క బెంచీలో కూర్చుంటాను.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని