సంత రోజు లేని వారం

రోజు అంటే భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరిగే కాలం. నెలకు చంద్రుని కళలు ఆధారం. సంవత్సరానికి సూర్యుని చుట్టూ భూమి చేసే ప్రదక్షిణం ఆధారం. మరి వారానికి ఆధారమేమిటి? ఆకాశంలో ఎంత వెదికినా సరిగ్గా ఏడు రోజులకొకసారి జరిగే సంఘటన ఏదీ మనకు కనిపించదు. రోజులకు గ్రహాల పేర్లు పెట్టుకున్నాం గాని, ఏ గ్రహమూ ఏడు రోజుల్లో తిరిగి రాదు. వారం పూర్తిగా మనుషులు కట్టుకున్నది. కనుకనే అది చెదిరిపోవడం కూడా తేలిక. ఇంటి దగ్గరే ఉండి సొంతంగా పని చేసుకునేవారికి ఈ వారం ఎలా చెదిరిపోతున్నది, దాన్ని తిరిగి ఎలా కట్టుకోవచ్చు అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

మన కళాశాలలో చదివి ఊళ్లకు తిరిగి వెళ్లిన సీనియర్లలో కొందరు ఇప్పుడు ఇంటి నుంచే సంపాదిస్తున్నారు. ఒకరు పుస్తకాలకు డి.టి.పి. చేస్తారు, ఒకరు అనువాదాలు చేస్తారు, ఇంకొకరు వీడియోలు ఎడిట్ చేస్తారు. దీనినే ఫ్రీలాన్స్ అంటున్నారు. నెల జీతం ఉండదు, చేసిన పనికి చేసినంత కూలి. ఇటువంటి విడి పనుల మీద, యాప్‌ల మీద ఆధారపడినవారు మన దేశంలో 2020–21 నాటికి 77 లక్షల మంది ఉన్నారనీ, 2029–30 నాటికి ఆ సంఖ్య 2 కోట్ల 35 లక్షలకు చేరుతుందనీ నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది. బొంబాయి మిల్లు కార్మికులు నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వాన ఏళ్ల తరబడి పోరాడి 1890లో ఆదివారం సెలవు సాధించుకున్నారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటల హద్దు గీసి, ఒక సెలవు రోజును ఖాయం చేసింది. ఇంట్లో కూర్చుని పనిచేసేవాడికి గంట కొట్టేవాడు లేడు, గేటు మూసేవాడూ లేడు. ఆదివారం రాత్రి పదకొండు గంటలకు పని వచ్చినా కాదనలేడు, కాదంటే ఆ పని మరొకరికి పోతుంది గదా!

ఇది కేవలం విసుగుకు సంబంధించిన విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అధ్యయనం ప్రకటించాయి. వారానికి 35–40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, 55 గంటలు, అంతకు పైబడి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని అందులో తేలింది.

అయితే యజమాని లేకుండా, జీతం లేకుండా, ఇంటినే పనిచోటుగా చేసుకుని బతికే మనిషి లోకానికి కొత్తవాడా? కానే కాదు. మా అరకు కొండల్లో రైతు తాతముత్తాతల నాటి నుంచీ అలాగే బతుకుతున్నాడు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున పల్లంలో వరి, గరువులో చోళ్లు, సామలు, వలిసెలు, కొండవాలులో సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియాలు – ఇన్ని పనులున్నా, ఫలానా రోజున ఫలానా పని చెయ్యమని చెప్పేవారెవరూ లేరు. అయినా అతని వారం చెదరలేదు. ఎందుకంటే దానికి ఒక మేకు ఉంది. అదే శుక్రవారం, అనగా అరకు సంత.

సంత గురించి పర్యాటకులు రంగురంగుల ఫోటోలు తీసుకుపోతారు గాని, అది మా వారాన్ని ఎలా నడుపుతుందో వారికి తెలియదు. బుధవారం నుంచే ఇంట్లో హడావుడి మొదలవుతుంది. పసుపు కొమ్ములు ఎండాయా, చిక్కుడు గింజలు ఏరారా, అడ్డాకులు కట్టలు కట్టారా, చీపుళ్లు సరిపోయాయా అని వాకబు. గురువారం రాత్రికి సిద్ధం కాని సరుకు మళ్లీ వారం దాకా డబ్బు కాదు. శుక్రవారం తెల్లవారుజామునే కొందరు కావిళ్లతో నడిచి, కొందరు జీపుల మీదా ఆటోల్లోనూ కిక్కిరిసి చేరుకుంటారు. అమ్మకం అయిన తరువాత ఉప్పు, నూనె, సబ్బు, ఎండుచేపలు కొంటారు. పాత బాకీ తీరుస్తారు. బ్యాంకు పని, ఆఫీసులో అర్జీ కూడా అదే రోజున. పెళ్లిమాటలు అక్కడే. కువి, ఆదివాసీ ఒడియా, తెలుగు కలగలిపి మధ్యాహ్నం దాకా కబుర్లు. మా ఇంట్లో అప్పు గడువు కూడా “రెండు సంతల్లో ఇచ్చేస్తాను” అనే చెబుతారు, పద్నాలుగు రోజులని ఎవరూ అనరు. సరిహద్దుకు అవతల ఒడిశాలోనూ ఇదే తీరు. ఒనుకుడెల్లి సంత గురువారం, చాటికొన సంత బుధవారం. ఒక్కొక్క చోటికి ఒక్కొక్క రోజు కాబట్టి తిరుగుడు వర్తకులకూ వీలు.

ఇంతకూ సంత పనిరోజా, సెలవురోజా? రెండూ కాదు. అది గడువు, జీతాల రోజు, స్నేహితులను కలుసుకునే రోజు – మూడూ ఒకే చోట ముడిపడినది. లోకంలో చాలాచోట్ల వారం పుట్టుకే సంతతో ముడిపడి ఉంది. నైజీరియాలోని ఇగ్బో ప్రజలది నాలుగు రోజుల సంతవారం. జావా ద్వీపంలో అయిదు రోజుల లెక్క ఈనాటికీ కద్దు. ప్రాచీన రోములో ఎనిమిది రోజులకొక సంత జరిగేది. నాలుగైనా ఎనిమిదైనా ఆ సంఖ్యకు ప్రాముఖ్యం లేదు, అందరికీ అది ఒకే రోజు కావడమే అసలు సంగతి.

ఇందుకు ఎదురు ఉదాహరణ సోవియట్ దేశంలో ఉన్నది. యంత్రాలు ఒక్కరోజు కూడా ఆగరాదని 1929లో అక్కడ అయిదు రోజుల వారం పెట్టారు. కార్మికులను అయిదు భాగాలు చేసి, రోజుకొక భాగానికి సెలవిచ్చారు. లెక్కప్రకారం విశ్రాంతి పెరిగింది, ఏడు రోజులకొకసారి దొరికే సెలవు అయిదు రోజులకే దొరికింది. కాని భర్తకు సెలవైన రోజున భార్యకు పని, స్నేహితుడికి పని. ఖాళీ ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఏం చేసేది? 1931లో దాన్ని ఆరు రోజులకు మార్చారు, 1940లో తిరిగి ఏడు రోజుల వారానికే వచ్చారు. “నాకు వీలైన రోజున సెలవు తీసుకుంటాను” అనే మన ఫ్రీలాన్స్ మిత్రులు ఈ కథను ఒకసారి తలచుకోవాలి.

జంతుశాస్త్ర విద్యార్థిగా ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. రోజుకు మన ఒంట్లోనే గడియారం ఉంది. పండ్ల ఈగల మీద పరిశోధించి ఆ గడియారపు జన్యువులు పనిచేసే తీరును వివరించినందుకు హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి ఇచ్చారు. రాత్రి మేలుకుని అమెరికావారి పగటి వేళకు పనిచేస్తే ఆ గడియారం ఎదురు తిరుగుతుంది – నిద్ర, ఆకలి, చురుకుదనం అన్నీ తప్పుతాయి. కాని ఒక సంత తప్పితే చెప్పడానికి శరీరంలో అటువంటి గడియారం లేదు. రోజును ఒళ్లే కాస్తుంది, వారాన్ని నలుగురూ కలిసి కాయాలి.

మా పెదనాన్నగారి అబ్బాయి బి.ఏ. చదివి ఊళ్లోనే ఉంటూ అనువాదాలు చేస్తున్నాడు. మా ఊరికి సిగ్నల్ సరిగా అందదు, గాలివాన వస్తే కరెంటు కూడా ఉండదు. అంచేత తెల్లవారి అయిదు నుంచి తొమ్మిది వరకు బరువైన పని ఇంట్లోనే చేసి, తయారైనది పంపడానికి సాయంత్రం గుట్ట ఎక్కుతాడు. మొదట్లో అతనికి ఏ రోజూ ఏ రోజో తెలిసేది కాదు. తరువాత అందరిలాగే శుక్రవారాన్ని పట్టుకున్నాడు. గురువారం రాత్రికి చేతిలోని పని అప్పగించి బిల్లులు పంపేస్తాడు. శుక్రవారం పెద్దమ్మతో బుట్ట మోసుకుని సంతకు వెళతాడు, బ్యాంకులో డబ్బు చూసుకుంటాడు, జెరాక్సులు తీయించుకుంటాడు. శనివారం మెల్లగా, కొత్త పని మాట్లాడుకోవడానికి. ఆది, సోమ, మంగళ, బుధ గట్టి పని. ఆదివారం పని చేస్తున్నాడేమని వింత పడనక్కరలేదు, మా వైపు పొలం కూడా అంతే.

దీనికి అతడు ఖరీదు చెల్లించాడు. ప్రతి శుక్రవారం సాయంత్రానికే పని కావాలన్న కంపెనీ ఒకటి అతడిని వదిలేసింది. రెండు నెలలు రాబడి తగ్గింది. ఈ సంగతి దాచి పెట్టి, పథకం వేసుకుంటే చాలు అంతా బాగుంటుందని రాయడం నాకిష్టం లేదు. మేకు కొట్టుకోవాలంటే కొంత పని పోతుంది. ఎంత పోతే తట్టుకోగలమో ముందే చూసుకోవాలి.

అది ఎలా చూసుకోవాలో కూడా రైతు దగ్గరే ఉంది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ధర పలికిన ఏడు చేతినిండా డబ్బు. అయినా పల్లం చెక్కలో వరి మాని కాఫీ వేసినవారు మా ఊళ్లో లేరు. తిండిగింజ ముందు, ధర మీద ఆధారపడే పంట తరువాత. ఫ్రీలాన్స్ వారంలోనూ తక్కువ కూలికైనా తప్పక వచ్చే పనికి ముందు చోటివ్వాలి, పెద్ద మొత్తం ఆశ చూపే పని మిగిలిన పూటల్లో పడాలి. ఇక విత్తనాల కుండ ఉంది. ఆకలైనా అందులో చెయ్యి పెట్టరు. కొత్త విద్య నేర్చుకోవడానికి వారంలో కేటాయించిన రెండు పూటలు ఆ కుండ వంటివి.

వారమంటే అన్ని వారాలూ ఒకే తూకాన ఉండాలని కాదు సుమా. నవంబరు నుంచి జనవరి దాకా మా ఇళ్లలో సమతూకం మాటే ఎత్తరు. కాఫీ పళ్లన్నీ ఒకేసారి పండవు, మూడు నాలుగు విడతలు ఏరాలి. ఏరిన పండు తొక్క ఆ రోజే తీయకపోతే పులిసి రుచి చెడుతుంది. అందుచేత చీకటి పడ్డాక కూడా పల్పింగ్ మిషను తిరుగుతూనే ఉంటుంది. తరువాత నానబెట్టడం, కడగడం, రోజుల తరబడి ఎండలో తిరగేయడం. అదే ఇల్లు చైత్రంలో ఇటుకల పండుగ రాగానే పొలంవైపు చూడదు. మగవారు వేటకు, ఆడవారు దారికి అడ్డంగా నిలబడి వచ్చేపోయేవారి దగ్గర చందా వసూలుకు. తూకం ఏడాదిలో సరిపోతుంది. అయితే కాఫీ ఏరే రోజుల్లో కూడా ఇంటికొకరైనా సంతకు వెళ్లడం మానరు.

వారాన్ని మింగే మరొకటి అడ్వాన్సు. కొండమీద షావుకారు ముందుగా డబ్బిచ్చి పంటను కట్టేసుకోవడం పాత కథ. దానికి విరుగుడుగానే 1956లో గిరిజన సహకార సంస్థ, 1960లో షెడ్యూల్డు ప్రాంతాల వడ్డీవ్యాపార నిబంధన వచ్చాయి. అడ్వాన్సు తీసుకున్న రైతు శుక్రవారం సంతకు వెళ్లినా అతనికి బేరం ఉండదు. ముందే డబ్బు తీసుకుని వాడేసుకున్న ఫ్రీలాన్సరుదీ అదే గతి. కంపెనీవాడు ఎప్పుడు పిలిస్తే అప్పుడు పలకాలి.

ఇంతవరకు రాసినదంతా మగపిల్లల లెక్క. 2019 నాటి కేంద్ర ప్రభుత్వ కాలవినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసేవారిలో ఆడవారు దానికి రోజుకు 299 నిమిషాలు, మగవారు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఆడపిల్ల ఇంటి నుంచి పని చేస్తానంటే, ఇంట్లో ఉంది గదా అని పొయ్యి దగ్గరకు పిలుస్తారు. మా ఊళ్లో ఆన్‌లైన్ ట్యూషన్లు చెప్పే ఒక అక్క ఈ బాధ పడలేక, ఇంట్లో కాక వాళ్ల పిన్ని ఇంటి వెనుక గదిలో కూర్చోవడం మొదలుపెట్టింది. సోమవారం నుంచి గురువారం దాకా పది గంటలకు ఫోను, నోటుబుక్కు, అన్నం గిన్నె పట్టుకుని పొలానికి వెళ్లినట్టే గడప దాటుతుంది. నడక రెండు నిమిషాలే. ఇప్పుడు వాళ్ల నాన్న ఆమెను అడిగి మరీ మంచినీళ్లు తానే తెచ్చుకుంటున్నాడు. శుక్రవారం మాత్రం ఆమెకూ సంతే.