దుప్పటి మడతల్లో రణరంగం

పాఠ్యభాగ పరిచయం

బల్లమీద చిన్న చిన్న సైనిక బొమ్మలను నిలిపి, నియమాలను అనుసరించి, పాచికలు వేసి ఆడే ఆటను యుద్ధక్రీడ అంటారు. ఆ బొమ్మలు నిలిచే కొండలను, పొలాలను, బాటలను ఇంట్లోని పాతబట్టలతో నిర్మించుకొనే విధానాన్ని, అట్టి నిర్మాణం వల్ల కలిగే చరిత్రజ్ఞానాన్ని ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

చదరంగం యుద్ధానికి ప్రతీక. రథ గజ తురగ పదాతులనే నాలుగు అంగాలు గల చతురంగం భారతదేశంలో పుట్టి ప్రపంచమంతటా వ్యాపించింది. అయితే చదరంగపు బల్లమీద అన్ని గళ్లూ సమానమే. అక్కడ కొండ లేదు, వాగు లేదు, బురద లేదు. నిజమైన రణరంగం అట్టిది కాదు. గుట్టమీద ఉన్నవానికి దూరం కనబడుతుంది. లోయలో ఉన్నవాడు శత్రువు కంటబడకుండా సాగిపోగలడు. తడిసిన నేలలో గుర్రపు డెక్క దిగబడుతుంది. సేనాపతి శత్రువుతోనే కాక నేలతో కూడా పోరాడవలసి ఉంటుంది. ఈ సత్యాన్ని ఆటలోకి తీసుకొని రావాలన్న ప్రయత్నం నుండే ఆధునిక యుద్ధక్రీడ రూపుదిద్దుకొంది.

1812లో రైస్‌విట్జ్ అనే ప్రముఖుడు ప్రష్యా రాజు మూడవ ఫ్రెడరిక్ విలియంకు ఒక విచిత్రమైన బల్లను సమర్పించాడు. కొండలు, నదులు, గ్రామాలు చెక్కిన ఫలకాలను దానిమీద కోరిన విధంగా అమర్చుకోవచ్చు. అతని కుమారుడు 1824లో ఆ క్రీడను భూపటాలమీద ఆడే విధంగా సంస్కరించగా, ప్రష్యా సైన్యం దానిని అధికారుల శిక్షణకు స్వీకరించింది. రాజులకు, సైన్యాలకు పరిమితమైన ఈ క్రీడను సామాన్యుల ఇంటికి చేర్చినవారిలో ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ ముఖ్యుడు. 1913లో వెలువడిన ‘లిటిల్ వార్స్’ అనే గ్రంథంలో ఆయన చెక్కదిమ్మెలు, అట్టలు, తోటలోని రెమ్మలు మొదలైన వాటితో నేలమీద రణరంగాన్ని తీర్చిదిద్దాడు. చిన్న యుద్ధాన్ని మూడు నాలుగుసార్లు ఆడి చూసినవానికి పెద్ద యుద్ధం ఎంతటి అవివేకమో బోధపడుతుందని ఆయన అభిప్రాయం. మరుసటి సంవత్సరమే మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైంది.

అందరి ఇళ్లలోనూ ఫలకాలు చెక్కే శిల్పులు ఉండరు. కాని పాత దుప్పటి లేని ఇల్లు ఉండదు. బల్లమీద రెండు మూడు పుస్తకాలను పేర్చి, వాటిపై ఆకుపచ్చని దుప్పటిని పరిస్తే కొండ సిద్ధమవుతుంది. పుస్తకాలను మెట్లు మెట్లుగా అమర్చి, అంచులలో చిన్న గుడ్డపేలికలను కూరితే వాలు సహజంగా కనబడుతుంది. ఇందులో కొంత గణితం కూడా ఇమిడి ఉంది. యుద్ధక్రీడలో విరివిగా వాడే బొమ్మలలో ఒక రకం అసలు మనిషిలో 72వ వంతు ఉంటుంది. 175 సెంటీమీటర్ల మనిషి ఆ కొలతలో సుమారు 24 మిల్లీమీటర్లు అవుతాడు. 3 సెంటీమీటర్ల మందం గల పుస్తకం 216 సెంటీమీటర్ల మిట్టతో సమానం. అనగా ఒక్క పుస్తకం చాటున ఒక పదాతి పూర్తిగా దాగి ఉండగలడు. అతడు కనబడుతున్నాడో లేదో తేల్చుకోవడానికి ఆటగాడు వంగి, తన కంటిని బల్ల మట్టానికి దించి చూడవలసి ఉంటుంది.

కొండల తరువాత పొలాలు. కార్డురాయ్ బట్టమీద వరుసగా లేచి ఉండే గీతలు నాగటిచాళ్లను తలపిస్తాయి. చిరిగిన కార్డురాయ్ పంట్లామును ముక్కలుగా కత్తిరించి, ఒక మడిలో చాళ్లు నిలువుగాను, పక్క మడిలో అడ్డంగాను ఉండునట్లు పరిస్తే దున్నిన చేలు ఏర్పడతాయి. పోగులు లేచిన పాత తువాలు పచ్చని పైరవుతుంది. పొడవాటి నూగు గల బొచ్చుబట్టను కత్తెరతో ఎగుడుదిగుడుగా కత్తిరించి, దువ్వి, అక్కడక్కడ గోధుమరంగు పులిమితే గడ్డిభూమి అవుతుంది. గోనెపట్టా ముక్క మట్టిబాటగా మారుతుంది. గుమ్మం ముందు పరిచే కొబ్బరిపీచు పట్టను కోసి నిలిపితే కోతకు వచ్చిన గోధుమచేను ప్రత్యక్షమవుతుంది. కేరళలోని అలప్పుళ పట్టణం కొబ్బరిపీచు చాపలకు ప్రసిద్ధి పొందింది. కోనసీమ వాసులకు కూడా కొబ్బరిపీచు చిరపరిచితమే.

శిబిరాలకు గుడారాలు కావాలి. ఇక్కడ తెలుగువారికి తెలిసిన ఒక పాత విద్య ఉపకరిస్తుంది. గంజి పెట్టిన పంచె ఆరిన తరువాత బిర్రుగా నిలుస్తుంది. గంజిలోని పిండిపదార్థం నూలుపోగుల నడుమ చేరి, నీరు ఆవిరైన తరువాత వాటిని పట్టి ఉంచడమే దీనికి కారణం. వడ్రంగులు వాడే తెల్లని జిగురు పనిచేసే తీరు కూడా ఇంచుమించు ఇదే. నీటిలో తేలియాడే జిగురు కణాలు నీరు ఇంకిపోగానే ఒకదానితో ఒకటి కలిసి పలుచని పొరగా ఏర్పడతాయి. జిగురులో సమానంగా నీరు కలిపి, అందులో పాత చేతిరుమాలును ముంచి, పుల్లలతో కట్టిన చట్రంపై కప్పి, ఒక రాత్రి ఆరనిస్తే గుడారం స్థిరంగా నిలుస్తుంది. గాయాలకు కట్టే పలుచని గుడ్డను టీ డికాక్షనులో నానబెట్టి ఆరవేస్తే, ఫిరంగులను కప్పే మరుగు వల తయారవుతుంది.

ఈ పనిలో ఒక నియమాన్ని మరువరాదు. బట్టను ఎంత చిన్నదిగా కత్తిరించినా దాని నేత చిన్నది కాదు. మందపాటి బట్టతో చేసిన గుడారపు మడతలు బొమ్మ సైనికుని చేతికంటె లావుగా కనబడి ఎబ్బెట్టుగా ఉంటాయి. అందువల్ల గుడారాలకు పలుచని, పలుమార్లు ఉతికి మెత్తబడిన నూలుబట్ట శ్రేష్ఠం. కొత్త బట్టకంటె పాతబట్టయే మేలైన అరుదైన సందర్భాలలో ఇది ఒకటి.

ఇంత శ్రమకు ఫలితమేమి? దీనికి వాటర్లూ యుద్ధం చక్కని సమాధానం చెబుతుంది. 1815 జూన్ 18న బెల్జియంలోని ఆ ప్రదేశంలో నెపోలియన్‌ను వెల్లింగ్టన్ ఎదిరించాడు. చదునైన బల్లమీద రెండు సైన్యాలను నిలిపి చూస్తే వెల్లింగ్టన్ వ్యూహం ఎంతకూ అర్థం కాదు. దుప్పటి కింద మరొక దుప్పటిని చుట్టి పొడవాటి మిట్టను ఏర్పరచి, ఫ్రెంచి సైన్యం వైపు నుండి కంటిని దించి చూస్తే విషయం బోధపడుతుంది. వెల్లింగ్టన్ తన బలగంలో అధికభాగాన్ని ఆ మిట్టకు వెనుకవాలున దాచి ఉంచాడు. వారు శత్రువుకు కనబడరు, ఫిరంగి దెబ్బలు వారికి నేరుగా తగలవు. అంతకుముందు రాత్రి కురిసిన వాన వల్ల నేల బురదమయమై, ఫ్రెంచి దాడి ఆలస్యమైంది. సాయంకాలానికి ప్రష్యా సేనలు తరలివచ్చాయి. సామ్రాజ్యాల తలరాతను మార్చినవాటిలో ఒక చిన్న మిట్టకు, కొంత బురదకు కూడా స్థానం ఉంది.

ఆ మిట్ట నేడు యథాతథంగా లేదు. 1820, 1826 మధ్యకాలంలో అక్కడ సింహపుదిబ్బ అనే స్మారకాన్ని నిర్మించారు. దానికి కావలసిన మట్టిని రణభూమి నుండే తవ్వి తీయడంతో నేల రూపం మారిపోయింది. తరువాత విలియం సైబార్న్ అనే ఆంగ్ల సైనికాధికారి నెలల తరబడి అక్కడే నివసించి, భూమిని కొలిచి, యుద్ధంలో పాల్గొన్నవారికి లేఖలు రాసి, వివరాలు సేకరించి బృహత్తరమైన నమూనాను నిర్మించాడు. 1838లో దానిని లండన్‌లో ప్రదర్శించాడు. వేలాది బొమ్మలు గల ఆ నమూనా నేడు లండన్‌లోని జాతీయ సైనిక ప్రదర్శనశాలలో ఉంది. స్మారకం కట్టినవారు నేలను మార్చివేయగా, నమూనా కట్టినవాడు నేల జ్ఞాపకాన్ని నిలిపాడు.

దుప్పటిమీద కొండను మలచే విద్యార్థి చేసేది కూడా చిన్న పరిమాణంలో అదే పని. పుస్తకంలో ఒక్క వాక్యంగా చదివిన మిట్ట అతని కంటికి అడ్డు వస్తుంది. ఎక్కవలసిన వాలు, దాటవలసిన చేను, దాగవలసిన చాటు అనుభవంలోకి వస్తాయి. ఆట ముగిసిన తరువాత దుప్పటిని దులిపి, మడిచి పెట్టెలో దాచవచ్చు, కూలిన సైనికులను మరల నిలబెట్టవచ్చు. నిజమైన రణరంగంలో ఆ రెండూ సాధ్యం కావు. ఈ భేదాన్ని గ్రహించడమే యుద్ధక్రీడ నేర్పగల ఉత్తమమైన పాఠం.

కఠిన పదాలకు అర్థాలు

పదాతి = కాలిబంటు
తురగం = గుర్రం
ఫలకం = పలక
మిట్ట = ఎత్తైన నేల
నాగటిచాలు = నాగలి దున్నిన గీత
యథాతథంగా = ఉన్నది ఉన్నట్లుగా

ప్రశ్నలు

1. చదరంగపు బల్లకు, నిజమైన రణరంగానికి గల భేదాన్ని వివరించండి.
2. గంజికి, తెల్లని జిగురుకు గల పోలిక ఏమిటి?
3. గుడారాల తయారీకి పాతబట్ట శ్రేష్ఠమని చెప్పడానికి కారణమేమి?
4. వాటర్లూ యుద్ధంలో నేల స్వరూపం వహించిన పాత్రను సొంతమాటల్లో రాయండి.
5. మీ ఇంట్లోని పాతబట్టలతో మీ ఊరి పరిసరాల నమూనాను ఎట్లా తయారు చేస్తారో ఒక వ్యాసం రాయండి.