పోటీ పరీక్షల ప్రత్యేకం: కాఫీకి పుట్టినూరి ముద్ర

భౌగోళిక గుర్తింపు (జీఐ) అనగానే అభ్యర్థులు పోచంపల్లి, తిరుపతి లడ్డూ దగ్గరే ఆగిపోతారు. కాఫీనీ చూసుకోండి. 2019లో దేశంలో ఐదు కాఫీలకు జీఐ దక్కింది: కూర్గ్, చిక్కమగళూరు, బాబాబుడన్‌గిరి, అరకు వ్యాలీ అరబికాలు, వయనాడ్ రొబస్టా. ఈ ఐదింటిలో రొబస్టా వయనాడ్‌ది ఒక్కటే. తికమక పెట్టేదీ ఇక్కడే.

వీటికంటే ముందే మాన్‌సూన్డ్ మలబార్‌కు జీఐ ఉంది. పడమటి తీరంలో వానాకాలపు తేమగాలి తగిలేలా గింజల్ని పరిచి, తిరగేస్తూ ఉంచుతారు. అవి ఉబ్బి లేత పసుపుకు తిరుగుతాయి, పులుపు తగ్గుతుంది. అంటే ఇక్కడ అమ్ముడుపోయేది వాతావరణం కూడా!

అరకు కాఫీని గిరిజన రైతులు నీడచెట్ల కింద, సేంద్రియ ఎరువులతో పండిస్తారు. 2017లో ప్యారిస్‌లో అరకు పేరుతోనే దుకాణం వెలిసింది. జీఐ రాకముందే ఊరి పేరు బ్రాండ్ అయిందన్నమాట.

ట్రేడ్‌మార్కును యజమాని అమ్ముకోవచ్చు. జీఐని అలా బదలాయించడం కుదరదు, అది ఆ ప్రాంత ఉత్పత్తిదారులందరిదీ. ఇథియోపియా మాత్రం సిడామో, హరార్, యిర్గాచెఫె పేర్లకు ట్రేడ్‌మార్కు దారే పట్టింది. స్టార్‌బక్స్‌తో వివాదం 2007లో ఒప్పందంతో ముగిసింది. కొలంబియా కాఫీకి అదే ఏడాది ఐరోపా సమాఖ్య జీఐ ఇచ్చింది.

మన జీఐ చట్టం 1999 నాటిది, అమలు 2003 సెప్టెంబరు 15 నుంచి. రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. కాఫీ బోర్డు ప్రధాన కార్యాలయం బెంగళూరులో. రిజిస్ట్రేషన్ గడువు పదేళ్లు, ఆపై పునరుద్ధరించుకోవచ్చు.