వికటకవిని కంప్యూటర్ ఎందుకు కాదంది?

టాటానగర్ స్టేషన్ నుంచి ఛప్రా వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్ నంబరు 18181. ఎటు నుంచి చదివినా ఒకటే. ఇలాంటి సంఖ్యను గాని, మాటను గాని పాలిండ్రోమ్ అంటారు. తిరిగి వచ్చే బండి నంబరు 18182. అది పాలిండ్రోమ్ కాదు. ఈ తేడాను కంప్యూటర్ చేత ఎలా కనిపెట్టించాలో చూద్దాం.

మొత్తం తిరగరాసి పోల్చవచ్చు, కాని అంత పని అక్కర్లేదు. ఒక వేలు మొదటి అంకె మీద, మరో వేలు చివరి అంకె మీద పెట్టండి. రెండూ ఒకటే అయితే వేళ్లను చెరొక అంకె లోపలికి జరపండి. తేడా వస్తే అక్కడే ఆపేయండి. 18181కి రెండు పోలికలు చాలు, నడిమి అంకెకు జత అక్కర్లేదు. 18182 మొదటి పోలికలోనే తేలిపోతుంది. 1000 అక్షరాలున్నా 500 పోలికలకు మించవు.

ఈ పద్ధతిలోనే మేము పైథాన్‌లో ప్రోగ్రాం రాశాం. సంఖ్యలకు, ఇంగ్లీషు మాటలకు బాగా పనిచేసింది. 'జలజ'ను కూడా ఔనంది. తెనాలి రామకృష్ణుడి కథలో మనందరం విన్న 'వికటకవి'ని ఇస్తే మాత్రం కాదంది!

తప్పు ఎక్కడుంది? మన లెక్కలో వి, క, ట, క, వి అని ఐదక్షరాలు. యూనికోడ్ లెక్కలో అవి ఏడు: వ, గుడి, క, ట, క, వ, గుడి. మొదట 'వ', చివర గుడి. అవి రెండూ ఎలా కలుస్తాయి? 'జలజ'లో గుణింతపు గుర్తులు లేవు కనుక గట్టెక్కింది. హిందీలో రాసే 'నవజీవన్'కూ ఇదే చిక్కు.

అందుకే ముందు మాటను అక్షరాలుగా విడగొట్టాలి. గుణింతపు గుర్తు, సున్న, విసర్గ వస్తే ముందున్న అక్షరానికి కలపాలి. పొల్లు వస్తే దాన్నీ, వెంటనే హల్లు ఉంటే ఆ హల్లునూ కలపాలి. ఆ తరువాత రెండు వేళ్ల పద్ధతి నడిపితే వికటకవి, పులుపు, కునుకు అన్నీ నెగ్గుతాయి. నంది తిమ్మన పారిజాతాపహరణంలో ప్రతి పాదాన్నీ తిరగేసి చదివినా మారని పద్యం రాశాడు. ఆయన లెక్కపెట్టిందీ ఇలాంటి అక్షరాలనే.

బదిలీలతో ఊళ్లు మారే మాలో కొందరికి గుణింతాలు, ఒత్తులు సరిగా రావు. ఈ ప్రోగ్రాం కోసం వాటిని మళ్లీ దిద్దుకున్నాం. అక్షరం ఎక్కడ ముగుస్తుందో మనకే తెలియకపోతే కంప్యూటర్‌కు ఎవరు చెబుతారు?

ఇక మీ వంతు: 'కిటికీ' పాలిండ్రోమేనా? ముందు వేళ్లతో చూసి, తరువాత కంప్యూటర్‌ను అడగండి.